కాలికి గాలమా? ముళ్ళ పీటా?

పోతూ పోతూ సైకిలు మీద నుంచి పడిన వాళ్ళను మీరందరూ చూసే ఉంటారు. కదలకుండా నిలబడి ఉన్న సైకిలు మీద నుంచి, ఎవరూ తోయకుండా, గాలైనా గట్టిగా వీచకుండా, నరికిన అరటిచెట్టు మాదిరిగా మెల్లగా పక్కకు ఒరిగి పడిన మనిషిని చూశారా? చూడకపోతే 2023 ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున మా కంఠేశ్వర్‌కు వచ్చి ఉండవలసింది. నీలకంఠేశ్వరుడి గుడికి పోయే మలుపులో పూలమ్మే ఆమె, ఇద్దరు పాలవాళ్ళు, నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చునే ముగ్గురు విద్యార్థులు ఆ దృశ్యాన్ని కన్నులపండువుగా తిలకించారు. పడినవాణ్ణి నేనే.

ఎదురుగా ఆటో వచ్చింది. బ్రేకు పట్టాను. సైకిలు ఆగింది. కాలు కింద పెట్టబోయాను. కాలు రాలేదు! పెడల్ దాన్ని మొసలి పట్టినట్టు పట్టుకుంది. గజేంద్రుడికైతే మొర పెట్టుకోవడానికి వ్యవధి ఉండింది గాని, నాకు అంత తీరిక దొరకలేదు.

"ఏమైంది సార్?" అని విద్యార్థులు పరుగెత్తుకొచ్చారు.

"కాలు రాలేదురా" అన్నాను.

"ఎక్కడి నుంచి సార్?"

దీనికి సమాధానం చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మాది చెరుకు సీమ. బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసినప్పటి నుంచి ఈ ప్రాంతం బతుకంతా తీపి చుట్టూనే తిరిగింది. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అక్కడ చక్కెర ఆగిన మరుసటి ఏడే నా ఒంట్లో మొదలైంది. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే వాణ్ణి; నిలబడి మాట్లాడటం, కూర్చుని పేపర్లు దిద్దటం తప్ప వేరే వ్యాయామం ఎరగను. డాక్టరమ్మ మాత్రలు రాసింది, అన్నం తగ్గించమంది, నడవమంది. నడక నాకు విసుగు. సైకిలైతే చిన్ననాటి నేస్తం కనుక, "తొక్కవచ్చునా?" అని అడిగితే, "హాయిగా తొక్కండి" అంది.

ఈ మాట మా అక్కయ్య కొడుకు చెవిన పడింది. వాడికి హైదరాబాదులో ఉద్యోగం. ఆదివారం వచ్చిందంటే వికారాబాదు దగ్గర అనంతగిరి అడవిలో, మేకలు నడిచే దారుల వెంట సైకిలు తొక్కుతాడు. కొత్త బండి కొనుక్కుని, పాతది కారు మీద కట్టుకొచ్చి మా వాకిట్లో దింపాడు. "మామా, మామూలు సైకిలు మీద మన రోడ్ల మీద తిరిగితే ఏం లాభం? నీకు మల్లారం గండి ఉంది, అలీసాగర్ గుట్టలున్నాయి. ఇది కొండలెక్కే సైకిలు" అన్నాడు.

కొండలెక్కే సైకిళ్ళనేవి మరీ పాత సంగతేమీ కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో మరిన్ అనే జిల్లా ఉంది. 1970 దశకంలో అక్కడి కుర్రకారు కొందరు, ముసలివాళ్ళు మూలన పడేసిన బరువైన పాత సైకిళ్ళను కొండమీదికి చేర్చి, మట్టిదారిలో కిందికి వదలటం మొదలుపెట్టారు. 1976 అక్టోబరులో పందెం కూడా పెట్టుకున్నారు. పెడల్ వెనక్కి తొక్కితే పడే పాతకాలపు బ్రేకులవి. ఒక్కసారి కొండ దిగేసరికి లోపలి గ్రీజంతా కాలి పొగై పోయేదట. మళ్ళీ కూరుకోవలసి వచ్చేది. ఆ కూరుకోవడాన్ని బట్టే ఆ దారికి 'రీప్యాక్' అని పేరొచ్చింది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి, 1996 అట్లాంటా ఒలింపిక్సులో ఈ ఆటకు చోటు దక్కింది. లావు టైర్లు, ముందు చక్రం మీద కుదుపు మింగే స్ప్రింగులు, గట్టి బ్రేకులు - ఇవన్నీ నాకు వెంటనే నచ్చాయి. నచ్చనిదల్లా ఒక్కటే. పెడళ్ళుండవలసిన చోట అరచేతిలో ఇమిడిపోయే రెండు ఇనుప ముక్కలున్నాయి. పాదం పెట్టుకుందామంటే చోటే లేదు.

"దీనికి జోళ్ళు వేరే ఉన్నాయి మామా" అంటూ వాడు సంచీలోంచి ఒక జత తీశాడు. మా ఇద్దరి పాదాలూ ఒకటే కొలత లెండి. పైన చూస్తే మామూలు బూట్లే. అడుగున మాత్రం, మునివేళ్ళకు కొంచెం వెనగ్గా, రెండు మరలతో బిగించిన చిన్న ఇనుప బిళ్ళ. దాన్ని పెడల్ మీద పెట్టి నొక్కితే 'టక్'మని పట్టుకుంటుంది. విడిపించుకోవాలంటే కాలు పైకి లాగకూడదు. మడమను బయటివైపుకు తిప్పాలి. ఈ ఏర్పాటును 'క్లిప్‌లెస్' అంటారని చెప్పాడు.

నేను తెలుగు మాస్టర్ని. పదాల దగ్గర ఆగకుండా ముందుకు పోలేను. "క్లిప్పులాగా పట్టుకుంటున్నదిరా, క్లిప్పు లేనిదంటావేమిటి?" అన్నాను. నేతిబీరకాయలో నెయ్యి లేకపోవటం విన్నాం గాని, లేదని చెప్పి ఉంచుకునే కాయను ఇప్పుడే చూశాను! తరవాత చదివి తెలుసుకున్నాను. పూర్వం పందెగాళ్ళ పెడళ్ళకు ముందువైపు ఇనుప చట్రం, దానికి తోలుపట్టా ఉండేవి. పాదం లోపలికి దూర్చి పట్టా బిగించుకునేవారు. దాని పేరు 'టో క్లిప్పు'. దిగాలంటే వంగి చేత్తో పట్టా వదులు చేసుకోవాలి. ఆ చట్రం అక్కర్లేని కొత్త పెడల్ వచ్చాక, పాత క్లిప్పు లేనిది కనుక దాన్ని 'క్లిప్పు లేనిది' అన్నారు. పాతది పోయింది, పేరు మిగిలింది. భాషలో ఇటువంటివి కొల్లలు.

ఆ కొత్త పెడల్ కథ కూడా వినదగినదే. ఫ్రాన్సులో 'లుక్' అనే కంపెనీ మంచు మీద జారే బద్దెలకు బూట్లు బిగించే పట్లు తయారుచేసేది. మంచులో పడినప్పుడు ఆ పట్టు తనంతట తాను విడిపోకపోతే మోకాలు విరుగుతుంది. మామూలుగా గట్టిగా పట్టి, మెలిక పడితే వదిలేసే ఆ ఉపాయాన్నే వాళ్ళు 1984లో సైకిలు పెడల్‌లోకి తెచ్చారు. మరుసటి ఏడు బెర్నార్డ్ హినో ఆ పెడళ్ళతోనే ఫ్రాన్సు దేశపు మహా సైకిలు పందెం గెలిచాడు. అది ఆయనకు అయిదో గెలుపు. కాని ఆ జోళ్ళ బిళ్ళ పెద్దది, అడుగు బయటికి పొడుచుకొస్తుంది, బురదలో నడవలేం. కొండ సైకిళ్ళ వాళ్ళకోసం బిళ్ళను చిన్నది చేసి, అడుగులోని గుంటలో దాచి, 1990లో జపానుకు చెందిన షిమానో కంపెనీ అమ్మకానికి పెట్టింది. మా మేనల్లుడు తెచ్చింది ఆ వంశానికి చెందినదే.

ఇక దీనివల్ల లాభమేమిటి? వాడు చెప్పినదాని ప్రకారం రెండు. మొదటిది, మామూలు పెడల్‌ను కిందికి తొక్కటమే గాని పైకి లాగలేం. కాలు కట్టేసుకుంటే పైకి వచ్చేటప్పుడు కూడా లాగవచ్చు, అంచేత బలం రెట్టింపు. రెండవది, రాళ్ళ మీద సైకిలు ఎగిరినప్పుడు కాలు పెడల్ మీది నుంచి జారిపోదు.

రెండో మాట అక్షరాలా నిజం. మొదటి మాట అంత నిజం కాదు. 2007లో అచ్చయిన ఒక పరిశోధనలో ఎనిమిదిమంది సైకిలు వీరుల చేత నాలుగు రకాలుగా తొక్కించి చూశారు. కావాలని పైకి లాగుతూ తొక్కినప్పుడు పెడల్ మీద పడే బలం చూడటానికి బాగానే ఉన్నది గాని, అంత పనికి ఒళ్ళు ఖర్చు పెట్టిన శక్తి ఎక్కువైంది. మరుసటి ఏడు మరొకరు చేసిన పరీక్షలో, నిలకడగా తొక్కేటప్పుడు కట్టిన జోడుకూ కట్టని జోడుకూ శక్తి ఖర్చులో తేడా కనబడలేదు. తొడ కండరాలు తొక్కటానికి పుట్టినవి. లాగటం వాటికి అంతగా ఒప్పదు. ఒక్కసారిగా విజృంభించి ఉరికే పందెగాడికి ఆ లాగుడు పనికొస్తుందంటే ఒప్పుకుంటాను. నాబోటి వాడికి కావలసింది కాలు ఉన్నచోట ఉండటమే.

ఇదంతా నేను తరవాత చదువుకున్నది. ఆనాడు మాత్రం "బలం రెట్టింపు" అన్న మాటకు పడిపోయాను. ఆపైన కంఠేశ్వర్ మలుపులో నిజంగానే పడిపోయాను.

మణికట్టు బెణికింది, మోచేయి గీరుకుపోయింది. మా ఆవిడ పసుపు అద్దుతూ, "ఏమండీ, కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పిల్లలకు చెబుతారు గదా. మీ కాలు జారనూ లేదు, తీసుకోనూ లేకపోయారు. దీనికేమిటి సామెత?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అయినా వదల్లేదు. అభిమానం ఒకటి ఉన్నది గదా! పెడల్ పక్కనుండే చిన్న మరను ఎడమకు తిప్పితే పట్టు వదులవుతుందని ఫోనులో మేనల్లుడు చెప్పాడు. పూర్తిగా వదులు చేశాను. గోడ పట్టుకుని నిలబడి, రోజుకు వందసార్లు టక్కుమని తగిలించటం, మడమ తిప్పి విడిపించటం. పది రోజులకు కాలికి తెలివి వచ్చింది. ఇంకో కిటుకు కూడా ఉంది: ఆగిన తరవాత కాలు తీయకూడదు, ఆగబోయే పది గజాల ముందే తీయాలి.

నిజం చెప్పాలంటే ఆ మూడు నెలలు నాకు మహా సంబరంగా గడిచాయి. మల్లారం గండి మా పట్నానికి ఏడెనిమిది కిలోమీటర్లు. తెల్లవారేసరికి అడవిలో ఉండేవాణ్ణి. టేకు చెట్ల మధ్య ఎర్రమట్టి దారి, అక్కడక్కడ నేలలోంచి వీపులు పైకి చూపే బండలు. మామూలు సైకిలైతే అరికాలు పెడల్ మీద తబలా వాయించే చోట, నా కాళ్ళు మాత్రం అతుక్కున్నట్టే ఉన్నాయి. పల్లం దిగుతుంటే నేనూ సైకిలూ ఒకే జంతువు అనిపించేది. నలభై దాటాక ఒంటి మీద మనకు అంత నమ్మకం కలగటం అరుదు. మూడు నెలల చక్కెర లెక్క తీస్తే అది కూడా దిగింది. క్లిప్పులకు నేను ఇప్పటికీ కృతఘ్నుణ్ణి కాను.

బుద్ధి వచ్చింది నవంబరులో.

నిజామాబాదు నుంచి బోధన్ పోయే రోడ్డు మీద సారంగపూర్, జానకంపేట దాటుతూ పోతుంటే ఇరువైపులా కాలువగట్లు, బండ్ల బాటలు కనిపిస్తాయి. ఒకప్పుడు చెరుకు బండ్లు బారులు తీరిన దారులవి. ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు తగ్గి, వరి పెరిగింది. ముందు రోజు రాత్రి అకాల వాన పడింది. ఎడపల్లి వైపు ఒక కాలువగట్టు మీద పోతున్నాను. అక్కడి నేల రేగడి. రేగడి బురద తడిసిన గోధుమపిండి లాంటిది; పట్టిందంటే వదలదు. మధ్యలో ఒకచోట దిగి సైకిలును తోసుకుపోయాను. మళ్ళీ ఎక్కేసరికి జోడు అడుగున ఆ ఇనుప బిళ్ళ ఎక్కడుందో తెలియకుండా మట్టి పూడుకుపోయింది. గట్టిగా తన్నితే ఎలాగో తగులుకుంది. తగులుకున్నంత సులువుగా ఊడదన్న సంగతి నాకు తట్టలేదు.

ఎదురుగా వరికోత మిషను వచ్చింది. అది వచ్చిందంటే బాట ఈ చివరి నుంచి ఆ చివరి దాకా దానిదే. పక్కకు తప్పుకుని ఆగి, మడమ తిప్పాను. రాలేదు. ఇంకోసారి తిప్పాను. ఉహుఁ. కుడివైపు కాలువలో నీళ్ళు నిండుగా పారుతున్నాయి. ఎడమవైపు కోసిన పొలం. ఎటు ఒరగాలన్నది నా చేతిలో లేదు. సైకిలు ఎడమవైపు ఒరిగింది కనుక ఈ వ్యాసం రాస్తున్నాను. నీళ్ళలోకి ఒరిగి, పధ్నాలుగు కిలోల ఇనుముకు రెండు కాళ్ళూ కట్టేసుకుని... ఆ ఊహ ఇప్పటికీ కొన్ని రాత్రులు నిద్ర లేపుతుంది.

వెనకనే సైకిలు మీద వస్తున్న ఒక పెద్దాయన దిగి, నా బూట్ల తాళ్ళు విప్పాడు. పాదాలు బయటికొచ్చాయి, బూట్లు మాత్రం పెడళ్ళకే వేలాడుతున్నాయి.

"గిదేంది సారూ? కాళ్ళకు తాళమేసుకొని తొక్కుడేంది?" అన్నాడు.

పైకి లాగే సిద్ధాంతం, జారకుండా ఉండే సిద్ధాంతం రెండూ వినిపించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో పని చేశాడట. సైరన్ వేళకు అందుకోవాలని, వానలో, చీకట్లో, ఊరి నుంచి ఫ్యాక్టరీకి ఏళ్ళ తరబడి సైకిలు మీదే తిరిగాడట. ఆయన పెడళ్ళు చూశాను. రబ్బరు ముక్కలు ఏనాడో అరిగిపోయి ఇనుప ఊచ మిగిలింది. దాని మీద పాత ట్యూబును బద్దలుగా కోసి చుట్టుకున్నాడు.

"కాలు జారదా కాకా?" అన్నాను.

"జారితే నేల మీదనే వడ్తది గద సారూ. ఇంక యాడికి వోతది?"

ఆయన వెళ్ళిపోయాడు. నేను ఒక బూటు వేసుకుని, ఒకటి చేత పట్టుకుని, పొలంలో చాలాసేపు కూర్చున్నాను.

అప్పటికీ క్లిప్పులు మానేవాణ్ణి కానేమో! బురదలో వాడకుంటే సరిపోతుందని సమాధానపడ్డాను. నన్ను మాన్పించింది కాలువ కాదు, ఒక మేజోడు. ఆ తరవాత వారం మా ఆవిడ బట్టలు ఉతకబోతూ నా తెల్ల మేజోడు పట్టుకొచ్చింది. అడుగున రూపాయి బిళ్ళంత ఎర్రటి మరక. కాలు ఎత్తి చూస్తే బొటనవేలి కింది మెత్తటి భాగంలో పొక్కు చితికి పుండు పడి ఉంది. సరిగ్గా ఇనుప బిళ్ళకు పైన. ఆ జోళ్ళ అడుగు పలకలాగా గట్టిగా ఉంటుంది. మెత్తగా ఉంటే బలం వృథా అని అలా చేస్తారు. పుండు పడి ఎన్నాళ్ళయిందో నాకు తెలియదు. నొప్పే లేదు!

నొప్పి లేదని నేను సంతోషించాను. డాక్టరమ్మ సంతోషించలేదు. కళ్ళు మూసుకోమని చెప్పి, చేప గాలానికి కట్టే దారం లాంటి నైలాను పోగుతో అరికాలిని అక్కడక్కడ తాకింది. తాకినట్టు తెలిసినప్పుడల్లా 'ఆఁ' అనమంది. నేను ఏడుసార్లు 'ఆఁ' అన్నాను. ఆవిడ పదిసార్లు తాకించిందట. పది గ్రాముల బరువు పడేసరికి వంగేటట్టు చేసిన పోగు అది. ఆ మాత్రం ఒత్తిడి తెలియని పాదం, లోపల రాయి దూరినా, బూటు కరిచినా యజమానికి కబురు పంపదు. చక్కెర జబ్బులో పాదాల నరాలు అలా మొద్దుబారుతాయి. తెలియని పుండు ముదిరి, చీము పట్టి, వేళ్ళు తీసేయవలసి వచ్చిన వాళ్ళను ఆవిడ రోజూ చూస్తుంది. మా బంధువర్గంలో నేనూ చూశాను. "సైకిలు మానకండి. ఆ బూట్లు మాత్రం మళ్ళీ తొడగవద్దు. వెడల్పుగా, మెత్తగా ఉన్న జోళ్ళు వేసుకోండి. రాత్రిపూట పడుకునే ముందు రెండు పాదాలూ అద్దంలో చూసుకోండి" అంది.

పుండు మానటానికి ఆరు వారాలు పట్టింది.

మానిన తరవాత బల్లపరుపు పెడళ్ళు తెప్పించాను. ఇవి అరచేయి కంటే వెడల్పు, రెండు వైపులా నిలబెట్టిన చిన్న చిన్న ఇనుప మేకులు. అంపశయ్య లాంటి పీట అన్నమాట. మెత్తటి రబ్బరు అడుగున్న జోడు వేసి దాని మీద నిలబడితే, ఆ మేకులు రబ్బరులోకి దిగి పట్టుకుంటాయి. హవాయి చెప్పులతో మాత్రం ప్రయత్నించకండి. కాలు కావాలనుకున్న క్షణంలో తీసేయవచ్చు, ఏ మెలికా అక్కర్లేదు.

పాత పెడళ్ళు విప్పటానికి పెద్ద రామాయణమే జరిగింది. కుడివైపుది వచ్చింది. ఎడమవైపుది స్పానరు మీద నిలబడి తొక్కినా రాలేదు. చివరికి మా వీధి సైకిలు భాయి దగ్గరికి తీసుకుపోతే, "సార్, ఎడమ కాలిది ఉల్టా మర. మీరు ఇప్పలేదు, ఇంకా బిగించిన్రు" అన్నాడు. తొక్కుతుంటే తిరిగి తిరిగి వదులైపోకుండా ఎడమ పెడల్ మరను తిరగేసి చేస్తారు. ఏ వైపుదైనా సరే, స్పానరును పైకి నిలబెట్టి ముందు చక్రం వైపు వంచితే బిగుస్తుంది, వెనక చక్రం వైపు వంచితే వదులవుతుంది. ఇది రాసి పెట్టుకోండి, ఒకనాటికి పనికొస్తుంది.

ఈ పీట పెడళ్ళతో మొదటి నాడే మల్లారం బండల మీద నా కాలు ఎగిరింది. పెడల్ గిర్రున తిరిగి వచ్చి పిక్క ముందరి ఎముకను గీకింది. పులి పంజా వేసినట్టు నాలుగు గీతలు. అదీ సంగతి! చక్కెర ఉన్నవాడికి గాయం పాదాన పడితేనేం, పిక్కన పడితేనేం? ఒకదాంట్లో తెలియని గాయం, ఇంకోదాంట్లో తెలిసే గాయం. రెంటిలో నేను తెలిసే గాయాన్ని ఎంచుకున్నాను. పైగా దీనికి చికిత్స ఉంది. ఇనుప మేకులవి మార్చి, మేకులు కూడా ప్లాస్టిక్కులోనే పోతపోసిన నైలాను పెడళ్ళు తెచ్చుకున్నాను. వాటి పట్టు ఒక పిసరు తక్కువ. దెబ్బ చాలా తక్కువ. మోకాలి కింద ఫుట్‌బాల్ ఆటగాళ్ళ పట్టీలు కట్టుకుంటాను. కంఠేశ్వర్ వీధుల్లో ఆ వేషం చూసి నవ్వేవాళ్ళు నవ్వుతారు.

కాలు ఎగరకుండా ఉండటానికి ఒక పద్ధతి ఉందని కూడా నేర్చుకున్నాను. పల్లం దిగేటప్పుడు మడమలు కిందికి దించాలి. అప్పుడు ప్రతి కుదుపూ పాదాన్ని పెడల్‌లోకే నొక్కుతుంది. మునివేళ్ళ మీద కాక పాదం మధ్యభాగానికి దగ్గరగా నిలబడాలి. మోకాళ్ళు బిగబట్టకూడదు. మేనల్లుడికి చెబితే నవ్వి, "క్లిప్పులున్నాయి గదా అని ఇది నేను నేర్చుకోనే లేదు మామా" అని ఒప్పుకున్నాడు. క్లిప్పులు తొడిగినవాడు తన తప్పులన్నీ వాటి వెనక దాచుకోవచ్చు.

పీట పెడళ్ళు పిరికివాళ్ళకూ ముసలివాళ్ళకూ అనుకునేరు. ఆస్ట్రేలియాకు చెందిన శామ్ హిల్ అనే ఆయన నిట్టనిలువు కొండ దిగే పందెంలో 2006, 2007, 2010 సంవత్సరాల్లో ప్రపంచ విజేత అయ్యాడు. ఆ తరవాత రోజంతా కొండలెక్కి దిగే 'ఎండ్యూరో' పందేల్లో 2017 నుంచి మూడేళ్ళు వరసగా మొదటివాడుగా నిలిచాడు. అన్నీ పీట పెడళ్ళ మీదనే. చుట్టూ ఉన్న పోటీదార్లలో దాదాపు అందరూ క్లిప్పులవాళ్ళే! అయితే ఒలింపిక్సులో నడిచే తరహా దూరపు పందేల్లో మాత్రం ఈనాటికీ క్లిప్పులదే రాజ్యం. గంటన్నరపాటు ఊపిరాడకుండా తొక్కేవాడికి కాలు ఎక్కడుందో ఆలోచించే పని కూడా ఒక బరువే గదా.

ఇంతటితో నా సమస్య తీరింది గాని, ఇంట్లో సమస్య తీరలేదు. మా అబ్బాయి అప్పుడు ఇంటర్మీడియట్ రెండో ఏడు. అటకెక్కిన క్లిప్పుల మీద వాడి కన్ను పడింది. "నీకు షుగరు, నాకు లేదు గదా నాన్నా" అన్నాడు. వాదన సబబైనదే. వాళ్ళమ్మ కాలువ సంగతి గుర్తు చేసింది. అదీ సబబైనదే. క్లిప్పులు చెడ్డవని వాడికి చెప్పలేను. మల్లారం పల్లంలో నాకు కలిగిన ఆ సంబరం వాడికి దక్కకూడదని ఎలా అంటాను? అందుకని ఒక కరారు చేసుకున్నాం. ఆరు నెలలు పీట పెడళ్ళ మీద తొక్కాలి. మడమ దించటం, చక్రం ఎత్తటం కట్లు లేని కాళ్ళతో నేర్చుకోవాలి. ఆపైన క్లిప్పులు, పట్టు మర మాత్రం చివరిదాకా వదులుగా ఉండాలి. బురద దారీ, కాలువగట్టూ ఎప్పుడూ నిషిద్ధం. అక్కడ ఎంత వీరుడైనా కాలు ఖాళీగా ఉండవలసిందే. ఈ చివరి షరతు దగ్గర నేను గొంతు పెంచాను. వాడు మొహం చూసి ఊరుకున్నాడు.

ఆరు నెలలూ వాడి పిక్కలు పిల్లి గీరిన తలుపుల్లా ఉండేవి. కరారు ప్రకారం నెలలు నిండిన రోజున అటక మీది జోళ్ళు దించాడు. నా కాలి కొలత వాడు ఎప్పుడు అందుకున్నాడో నేను గమనించనే లేదు. ఎడమ పెడల్ ఉల్టా మర నేనే దగ్గరుండి బిగించాను.

మరునాడు పొద్దున ఇద్దరం అలీసాగర్ దాకా పోయి వచ్చాం. ఎక్కుడులో వాడు నన్ను వదిలేసి ముందుకు పోయాడు. నేను నా పీట మీద నా తీరున తొక్కుకుంటూ పోయాను. తిరిగి వస్తూ కంఠేశ్వర్ మలుపు దగ్గరికి చేరేసరికి, నిరుటి మాదిరిగానే ఎదురుగా ఒక ఆటో! నా గుండె గొంతులోకి వచ్చింది. వాడు పది గజాల ముందే మడమ తిప్పాడు. 'టక్'మన్నది. కాలు నేల మీద పెట్టి, ఆటో పోయేదాకా నిలబడ్డాడు.

మూలన కూర్చుని పూలు కడుతున్న ఆమె చెయ్యి ఆపి ఇదంతా చూసింది. నా వంక తిరిగి అడిగింది:

"ఏంది సారూ, పడుడు పిల్లగానికి నేర్పలేదా?"